పాలకొల్లులో ఆట ఆగలేదు

జూన్ 1 నుంచి సినిమా హాళ్లు మూసేస్తామన్న మాట మే మూడో వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గుప్పుమంది. అద్దె పద్ధతిలో ఇక ఆడించలేం, మల్టీప్లెక్సులకు ఇస్తున్నట్టే మాకూ వసూళ్లలో వాటా ఇవ్వండి అన్నది హాళ్లు నడిపే ఎగ్జిబిటర్ల పట్టు. ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేశ్ విచారణకు ఆదేశించారు. చివరికి 2025 మే 24న హైదరాబాద్‌లో సమావేశమైన తెలుగు ఫిల్మ్ ఛాంబర్ బంద్ లేదని, చర్చలకు కమిటీ వేస్తామని ప్రకటించింది. నటుడు అల్లు రామలింగయ్య, దర్శకులు దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊళ్లో ఆ కబురును ఎలా అందుకున్నారో చూడాలనిపించి పాలకొల్లు వెళ్లాను.

నేను చూసింది ఒక సింగిల్ స్క్రీన్ హాలు. మార్నింగ్ షోకి జనం పలచగా ఉన్నారు. వేసవి సెలవులే అయినా పెద్ద సినిమా ఏదీ లేదు. బుకింగ్‌లో ఉన్నాయన డీసీఆర్ పుస్తకం, అంటే రోజువారీ వసూళ్ల లెక్క, తీసి చూపించారు. ఏ తరగతిలో ఏ నంబరు టికెట్టుతో మొదలైంది, ఎక్కడ ఆగింది, పన్ను పోగా నికరం ఎంత అన్నది ఆటకో వరుసగా రాసి ఉంది. అద్దె గొడవేమిటో ఆ పుస్తకం ముందు పెట్టుకునే చెప్పారు.

"పెద్ద సినిమా పడిందనుకోండి, మొదటి వారం హాలు నిండుతుందండి. అప్పుడు మాకిచ్చేది అద్దె. ఎన్ని ఫుల్స్ పడినా అదే అద్దె. జనం తగ్గాక పర్సంటేజీ అంటారు. అప్పటికి పంచుకోడానికి ఏముంటుందండీ?"

ఆయన చెప్పింది నిజం. అవతలి పక్షం మాటలోనూ నిజముంది. వాటా పద్ధతి రావాలంటే ప్రతి హాలులో తెగిన ప్రతి టికెట్టూ లెక్కకు రావాలి, ఆ నమ్మకం మాకు లేదు అంటారు నిర్మాతలు. ఇక చిన్న సినిమాకి అద్దే పెద్ద భారం. జనం వచ్చినా రాకపోయినా హాలు అద్దె కట్టాల్సిందే కనుక, రెండు మూడు రోజులకే ఎత్తేస్తున్నారు. లెక్క పారదర్శకంగా ఉంటే వాటా పద్ధతిలో అటు హాలూ ఇటు చిన్న సినిమా కూడా బతుకుతాయని అక్కడ కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించింది.

ఇనప మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లాను. మూలన పాత 35 ఎంఎం యంత్రం గోనెపట్టా కప్పుకొని ఉంది. ఆపరేటర్‌గారు దాని మీదే పని నేర్చుకున్నారు. కార్బన్ కడ్డీలు వెలిగించడం, ఇరవై నిమిషాలకో రీలు మార్చడం, తెగిన ఫిల్మ్ అతికించడం ఆయన చేతికి అలవాటైన పనులు. ఇప్పుడు సినిమా డిజిటల్‌గా వస్తుంది, దాన్ని తెరిచే కీ అందితేనే ఆట. ఆట అయిపోగానే ఆయన లాంపు ఆర్పి, బ్లోయర్ మాత్రం అలాగే తిరగనిచ్చారు. జెనాన్ లాంపు చల్లారకుండా గాలి ఆపితే దాని ఆయువు తగ్గుతుందట. ఆ లాంపు ఎన్ని గంటలు వెలిగిందో గోడకు వేలాడుతున్న నోటుబుక్కులో రాసుకున్నారు. నెలాఖరు వరకూ గీతలు కొట్టి ఉన్న పేజీ తర్వాత పేజీ ఖాళీగా ఉంది.

"జూన్‌కి గీతలు కొట్టలేదండి, మూసేస్తారన్నారు కదా" అన్నారు. "నిన్న రాత్రి మేనేజరుగారు ఫోన్ చేసి బంద్ లేదంట, పనిలోకి వచ్చెయ్యి అన్నారు. మా ఆవిడ ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుందండి. ఆటలుంటేనే జీతం. ఇంట్లో కూర్చుంటే ఎవరిస్తారు?"

కింద క్యాంటీన్ నడిపే అమ్మ సమోసాలు వేయిస్తూ మాట్లాడింది. హాలు వాళ్లకి ఏడాది పాట ముందే కట్టేసింది. మూసిన రోజులకి ఆ డబ్బు వెనక్కి రాదు. "బంద్ ఎవరిమీద చేస్తారో నాకు తెలీదు బాబూ, పోయేది మాత్రం నా నూనె, నా పిండి" అంది. బంద్ లేదన్నాక మళ్లీ పిండి తెప్పించుకుంది.

ఈ హాళ్లకి తాళం కొత్త కాదు. 2018 మార్చిలో డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీల గొడవతో కొత్త సినిమాలు ఆగాయి. 2020లో కరోనా మూయించింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలులో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. ఆ ధరకు నడపలేక ఆ ఏడాది చివర్లో చాలా హాళ్లు తలుపులు వేశాయి. 2022 మార్చిలో ఆ ధరలు సవరిస్తూ కొత్త జీవో వచ్చింది. మూసిన ప్రతిసారీ కొన్ని హాళ్లు తిరిగి తెరుచుకోలేదు, కల్యాణమంటపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి. అందుకే ఈసారి బంద్ తప్పిందంటే నా గుండె తేలికపడింది.

ఇలాంటి తగవుల్లో రెండు పక్షాలనూ కూర్చోబెట్టి కార్మికుడి తరఫున గట్టిగా మాట్లాడిన పెద్దదిక్కు ఈ ఊరివాడే. 2017లో దాసరిగారు పోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. మధ్యవర్తి లేడు కాబట్టే మాట ముదిరి గడువు దాకా వచ్చింది.

ఊపిరి పీల్చుకోవడానికి దొరికిన ఈ వ్యవధిని కమిటీ వృథా చెయ్యకూడదు. టికెట్లన్నీ కంప్యూటర్ లెక్కలోకి రావాలి, ఆ లెక్క నిర్మాతకూ, పంపిణీదారుకూ, హాలుకూ ఒకేసారి కనపడాలి, దాని మీదే వాటా తేలాలి. చర్చలు సాగినంతకాలం హాళ్లు మూసేది లేదని ముందే రాసుకోవాలి. మూయక తప్పని రోజొస్తే ఆపరేటర్‌కీ గేటు దగ్గర నిలబడే మనిషికీ ఆ రోజుల జీతం ఎవరిస్తారో కూడా అందులోనే రాయాలి.