కొండారెడ్డి బురుజు ఎండలో... గండికోట నీడలో!

కర్నూలు అనగానే సినిమా పిచ్చోళ్లకి ముందు గుర్తొచ్చేది కొండారెడ్డి బురుజే కదూ! ‘ఒక్కడు’ (2003)లో మహేష్‌బాబు ప్రకాష్‌రాజ్‌కి ఎదురుతిరిగింది ఇక్కడేనని, ఆ కోణం కోసం సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచే కుర్రకారు ఇప్పటికీ కనిపిస్తారు. వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నా వాళ్లకి పట్టదు. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన బురుజు ఇది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన ఊరు ఇది. అదంతా ఇప్పుడెవరిక్కావాలి లెండి!

నేను మాత్రం మహేష్‌బాబు కోసం వెళ్లలేదు. ఓ పాత బాకీ తీర్చుకోవడానికి వెళ్లాను.

2013లో మా నాయనని గండికోటకి తీసుకెళ్లాను. అప్పుడే కొన్న కెమెరా. ‘ఆటో’ అని రాసివున్న చోట చక్రం తిప్పిపెట్టి, ఇక నేనే మార్కస్ బార్ట్‌లీని అనుకునే రోజులు! ఎండకి నెత్తిన తువ్వాలు గుడారంలా కప్పుకుని, లోయకి వీపుపెట్టి, ఆయన కదలకుండా నిలబడ్డాడు. టక్కున నొక్కాను. లోయ బ్రహ్మాండంగా పడింది. పెన్నా నీళ్లు మెరిశాయి. నాయన ముఖం ఉండాల్సిన చోట మాత్రం బొగ్గుముక్క! మళ్లీ వద్దాంలే అనుకున్నాం. 2015లో ఆయన పోయాడు. పటం కట్టించడానికి ఆ ఫోటోనే కంప్యూటర్లో తెల్లబరిస్తే ముఖం రాలేదు, రంగు రంగుల మచ్చలు వచ్చాయి. చివరికి ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించాం.

అందుకే ఈసారి అమ్మని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆటో చక్రం ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని మరీ!

బురుజు దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద అట్లు పోస్తోంది. అమ్మ నీడ చూసుకుని కూర్చుంది. “ఇంగెంతసేపురా అబ్బీ?” అంటుంది. నేను లెక్క వేస్తున్నాను. సీమ ఎండలో లెక్క సులువు. మబ్బులేని ఎండలో రంధ్రం ఎఫ్ 16 పెట్టు, ఐ.ఎస్.ఓ. ఎంత పెడితే దాని మీద ఒకటో వంతు సెకండు షట్టరు పెట్టు. ఐ.ఎస్.ఓ. 100 అయితే 1/100 అన్నమాట. నా కెమెరాలో 1/125 ఉంది, అదే పెట్టాను. మీటరు లేని కాలంలో ఫోటోగ్రాఫర్లు ఈ లెక్కతోనే నెట్టుకొచ్చారు. ఎర్రటి బురుజు, నీలం ఆకాశం ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి.

ఇంతకీ ఈ మూడూ ఏమిటంటారా? వీధి కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. కుళాయి ఎంత తిప్పారన్నది రంధ్రం. ఎంతసేపు వదిలారన్నది షట్టరు. బిందె సైజు ఐ.ఎస్.ఓ. చిన్న చెంబయితే గబుక్కున నిండుతుంది, అదే పెద్ద ఐ.ఎస్.ఓ. కానీ చెంబుడు నీళ్లతో కాపురం సాగదు కదా, ఫోటోలో ఇసుక చల్లినట్టు మచ్చలు తేలతాయి. తమాషా ఏమిటంటే ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది! 2.8, 4, 5.6, 8, 11, 16... ఒక్కో మెట్టు ఎక్కితే వెలుతురు సగానికి పడిపోతుంది. బిందె నిండాలి, పొర్లకూడదు. డిజిటల్ కెమెరాలో పొర్లిన తెలుపు, నేలపాలైన నీళ్లు రెండూ ఒకటే. ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు. నీళ్ల బండి కోసం కాచుక్కూర్చునే సీమలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బనగానపల్లె దాటాం. ‘అరుంధతి’ (2009) బంగళా చూపించమని డ్రైవరు తమ్ముడు ఒకటే పోరు, సరే చూశాం. ఆ సినిమాకి కెమెరా పట్టింది సెంథిల్‌కుమార్. ఆ తర్వాత ‘బాహుబలి’ తీసినాయన. అమ్మ మాత్రం కారు దిగలేదు. “ఆ పశుపతి యాడన్నా ఉంటాడేమో, మీరు పోయిరాండి!”

కొలిమిగుండ్ల వైపు దారి పొడుగునా నాపరాళ్ల దొంతరలే. ఒకచోట ఆగి నల్లబండల వరసని మీటరు చెప్పినట్టల్లా విని తీశాను. నల్లరాయి కాస్తా బూడిదరంగు రాయి అయింది! పక్కనే ఆరేసిన తెల్లపంచెని తీస్తే అదీ బూడిదే! కెమెరా మీటరుకి లోకమంతా ఒకటే రంగు, నడిమి బూడిదరంగు. ఎదురుగా ఉన్నది బొగ్గో సున్నమో దానికి తెలీదు. నల్లరాయికి ఓ మెట్టు తగ్గించాలి, తెల్లపంచెకి ఓ మెట్టు పెంచాలి. అది మన పని. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది!

బెలుం గుహల దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి సంగతి రాశాడు. 1982-83లో డానియెల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో దిగి కొలిచాడు. మొత్తం 3,229 మీటర్లు. చూడనిచ్చేది అందులో సగం లోపే. మెట్లు దిగుతుంటే ఉక్క మొహాన కొడుతుంది. కోటిలింగాల దగ్గర విద్యుద్దీపాల వెలుతురు కంటికి బాగానే ఉంది, కెమెరాకి మాత్రం అమావాస్యే! రంధ్రం 16 నుంచి 2.8కి తెచ్చాను. అయిదు మెట్లు. షట్టరు 1/125 నుంచి 1/15. మూడు మెట్లు. ఐ.ఎస్.ఓ. 100 నుంచి 1600. నాలుగు మెట్లు. మొత్తం పన్నెండు. రెట్టింపు చొప్పున పన్నెండుసార్లు వేసి చూడండి, 4,096 అవుతుంది. అంటే పైన బురుజు దగ్గరున్న వెలుతురులో 4,096వ వంతు! మన కన్ను ఆ తేడాని చడీచప్పుడు లేకుండా సర్దుకుంటుంది. 1/15కి చెయ్యి వణుకుతుంది కాబట్టి కెమెరాని ఇనుప కమ్మీకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను. వెనకాల పిల్లల గుంపు ఒకటే తోపులాట. ఆరు తీస్తే ఒకటి నిలిచింది.

వెలుతురు ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టడమే కాదు, లేనిదాన్ని పుట్టించడం కూడా ఈ విద్యలోదే. పట్టపగలు తీసి రెండు మెట్లు తగ్గించి రాత్రి అనిపించడం సినిమా వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. ‘మాయాబజార్’ (1957)లో బార్ట్‌లీ చూపించిన వెన్నెల దీపాలతోనూ కెమెరాతోనూ పుట్టినదే. ఆ సినిమా తీసిన విజయా సంస్థ నాగిరెడ్డిగారిది ఏ జిల్లా అనుకున్నారు? కడప జిల్లానే!

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి మూడయింది. ధాన్యాగారం, మసీదు, మాధవరాయస్వామి గోపురం గబగబా దాటేశాం. లోయ అంచు దగ్గర, నాయన నిలబడ్డ బండ నాకు బాగా గుర్తుంది. అమ్మకీ గుర్తుందేమో, చెప్పకుండానే వెళ్లి అక్కడే నిలబడింది. ఎండకి చెంగు నెత్తిన కప్పుకుంది. వీపున సూర్యుడు, ముఖాన నీడ. అచ్చం అదే ఇబ్బంది!

డిజిటల్ ఫోటో తన లెక్కలు తనలోనే దాచుకుంటుంది. నాయన ఫోటోలో చూశాను: ఎఫ్ 8, 1/500, ఐ.ఎస్.ఓ. 100. అది లోయకి సరిపోయిన లెక్క. కెమెరా లోయని ఎంచుకుంది, నేను ఊరుకున్నాను. ఈసారి దగ్గరికెళ్లి అమ్మ ముఖం మీదే మీటరు పట్టాను. ఎఫ్ 5.6, 1/125 చూపించింది. మూడు మెట్ల తేడా! అంటే ముఖం నిండే బిందెలో లోయ ఎనిమిది రెట్లు పొర్లిపోతుంది. రెండూ కావాలంటే పొద్దువాలి, ముఖానికి ఎండ తగిలే చోటు వెతుక్కోవాలి. లేదా షూటింగుల్లోలాగా రిఫ్లెక్టరు పట్టాలి. డ్రైవరు తమ్ముడి చేత తెల్ల తువ్వాలు పట్టించి చూశాను. గాలికి అది జెండాలా ఎగిరింది తప్ప ముఖానికి వెలుతురు ఇవ్వలేదు.

“తీసినావా లేదా? కాళ్లు కాలిపోతాండాయి!”

5.6, 1/125. నొక్కాను.

అమ్మ వచ్చి కెమెరా వెనక అద్దంలోకి తొంగిచూసింది. కళ్ల కింద ముడతలు, ముక్కుపుడక, నవ్వీ నవ్వని పెదవులు, అన్నీ ఉన్నాయి. వెనకాల అంతా తెల్లటి తెలుపు.

“నేను బాగానే పడినాను గానీ, లోయ యాడబోయిందిరా? దానికోసమే గదా ఇంతదూరం పిల్చుకొచ్చింది!”