అమ్మగారి మూడు నడకలు

మా అమ్మగారికి 72 ఏళ్లు. షుగరు వ్యాధి వచ్చి 18 ఏళ్లయింది. "నడవాలమ్మా" అంటూ ఆమెను రోజూ తెల్లవారుజామున లేపి, మాత్ర వేయించి, ముప్పావు గంట మందిరము చుట్టూ త్రిప్పినవారము మేమే. నిరుడు ఒక ఉదయమున గేటు దగ్గర ఆమె కాళ్లు తడబడ్డాయి. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట ముద్దముద్దగా వచ్చింది. మా ఇంటావిడ పరుగున పంచదార నీళ్లు తెచ్చి త్రాగించింది. కొంతసేపటికి తేరుకొని, "నన్ను చంపేస్తార్రా మీరు" అన్నది అమ్మ. నవ్వుతూనే అన్నది గాని మాకు నవ్వు రాలేదు.

డాక్టరుగారు మమ్మల్నే మందలించారు. నడక తప్పు కాదు, మాత్ర వేసి ఏమీ తినిపించక నడిపించుట తప్పు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ రక్తములోని చక్కెరను దించుతాయి. నడిచే కండరాలు ఇన్సులిన్ సాయము లేకపోయినా చక్కెరను లాగుకొంటాయి. రెండూ ఒక్కటైతే వృద్ధులు తట్టుకోలేరు. అటువంటి మందులు వాడేవారు నడకకు ముందు చక్కెర 90 కంటె తక్కువగా ఉంటే ఏదైనా తిని బయలుదేరాలట.

వారానికి 150 నిమిషాలు నడవాలి, వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు అన్న సంగతి మాకు తెలుసు. దానిని ముక్కలు చేసుకోవచ్చునని తెలియదు. 2016లో న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయము వారు 41 మంది షుగరు రోగులను పరిశీలించి ప్రకటించారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడిచినప్పటి కంటె, మూడు పూటలా భోజనమైన తరువాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు, రాత్రి భోజనానంతరము పెరిగే చక్కెర 22 శాతము తగ్గింది. రాత్రి అన్నము తిని నేరుగా మంచమెక్కే మన ఇళ్లకు ఇది ఎంత అవసరమో!

"తిని తిరిగితే అరగదురా" అని అమ్మ ఒప్పుకోలేదు. మెల్లగానే అని బ్రతిమాలాము. తరువాత చెప్పుల తగాదా. షుగరు వలన ఆమె పాదాలకు స్పర్శ తగ్గింది, ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు. అయినా మందిర ఆవరణములో చెప్పులు వేసుకోనన్నది. "మోషే విడిచాడా లేదా?" అని మమ్మల్నే అడిగింది! ఇన్నేళ్లు వాక్యము చెప్పిన మాకు జవాబు తోచలేదు. చివరకు మా ఇంటావిడ మెత్తని బూట్లు కొని, తానే తొడిగింది.

మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.6 నుండి 7.9కి వచ్చింది. మాత్ర మోతాదు కూడ డాక్టరుగారు తగ్గించారు. ఇప్పుడు ఆమె కొంగుముడిలో గ్లూకోజు పొట్లము ఉంటుంది. మొన్న రాత్రి కూటము ముగిసి ఆలస్యముగా భోంచేసి మేము పడుకోబోతుంటే, బయట బూట్ల చప్పుడు వినిపించింది.