దోర్నకల్లు గుడియు, మిషనుల పేర్లును

గుంటూరులో రైలెక్కి కృష్ణ దాటి, విజయవాడ, మధిర, ఖమ్మముల మీదుగా కాజీపేటవైపు పోవువారికి దోర్నకల్లు జంక్షను తగులును. కొత్తగూడెమునకు పోవు శాఖ యిచ్చటనే చీలును గనుక పెక్కుమందికిది బండి మారు చోటు మాత్రమే. మొన్నటి సంక్రాంతి సెలవులలో మేమచ్చట దిగినది బండి మారుటకు గాదు, ఆ యూరి క్రైస్తవ దేవాలయమును చూచుటకు.

మన యూళ్లలో క్రైస్తవ స్త్రీ యెవరైన క్రొత్తగా కనబడినచో తోడి క్రైస్తవులు మొదట అడుగు ప్రశ్న “మీరే మిషనమ్మా?” యనునది. లూథరను, బాప్టిస్టు, బ్రదరెను, సి.ఎస్.ఐ. అని బదులు వచ్చును. హిందూ కుటుంబములలో స్మార్తులా, వైష్ణవులా, మాధ్వులా యని యడుగుట వంటిదే యిదియు. అయితే ఒక భేదము కలదు. ఆ క్రైస్తవ శాఖలను పుట్టించిన వాదములు జరిగినది జర్మనీలోను, ఇంగ్లండులోను. తెలుగు కుటుంబములలో ననేకములకు ఈ పేరు వచ్చినది వాదమువలన గాదు, వారు కాపురమున్న తాలూకానుబట్టి వచ్చినది.

మేము వచ్చిన దారియే యిందుకు సాక్షి. గుంటూరునకు 1842లో హేయరు దొర వచ్చెను. ఆయన లూథరను గనుక ఆ ప్రాంతమున క్రైస్తవులైనవారు చాలవరకు లూథరనులైరి. దక్షిణమున ఒంగోలులో క్లౌ దొర బాప్టిస్టు. 1878 జూలైలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆయన కాలముననే. కృష్ణ కావల మచిలీపట్టణమునకు 1841లో నోబులు, ఫాక్సు దొరలు చర్చి మిషనరీ సంఘము తరపున వచ్చిరి, అచ్చటివారు ఆంగ్లికనులైరి. కడప వైపు లండను మిషను, మెదకు వైపు వెస్లీ దొరగారి మెథడిస్టులు. ఒకరు పనిచేయు సీమలో వేరొకరు చొరబడరాదని మిషనులవారు తమలో తాము హద్దు లేర్పరచుకొనిరి. కలహము లేకుండుటకు అది మంచిదే. కాని యేటికి ఈవల పుట్టిన పిల్ల ఒక పేరును, ఆవల పుట్టిన పిల్ల వేరొక పేరును మోయవలసినదాయెను.

స్టేషనునుండి గుడికి నడిచి పోవచ్చును. దూరమునుండి చూచిన గుమ్మటములును, మినారులును మసీదును జ్ఞప్తికి తెచ్చును. లోన అడుగిడిన రాతి స్తంభముల వరుస మన దేవాలయపు మండపమును తలపించును. తామరపూవునుండి లేచిన సిలువ ఇచ్చటి సంఘమునకు గురుతు. ఇరువదియైదేండ్లు కట్టి, 1939 జనవరి 6వ తేదీని దీనిని ప్రతిష్ఠించిరి.

దీనిని కట్టించిన అజరయ్యగారు తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళులు. తెలుగు నేర్చి యీ నైజాము సీమకు వచ్చి, 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయులైరి. 1919లో తరంగంబాడిలో కూడి, దక్షిణదేశపు సంఘములన్నియు నొకటి కావలెనని పిలుపునిచ్చినవారిలో ఆయన ముఖ్యులు. క్రైస్తవ దేశములకు ఈ చీలికలు బలహీనత మాత్రమే కావచ్చునుగాని మన వంటి దేశములలో నవి పాపమే యని 1927లో లొసాన్ నగరపు మహాసభలో ఆయన వాదించిరి. ఆ యైక్యమును కన్నులార చూచు భాగ్యము వారికి కలుగలేదు. 1945 జనవరి 1వ తేదీని వారు కన్నుమూసిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన నలువదిమూడు దినములకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింటు జార్జి దేవాలయమున ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకు ముందే యేకమైన ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైరి. మెథడిస్టులు కట్టిన మెదకు మహాదేవాలయమును, ఆంగ్లికనులు కట్టిన యీ దోర్నకల్లు గుడియు నాటినుండి యొక్క సంఘమునకే చెందినవి.

కాని అందరును చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు చాలమంది అప్పుడు వెలుపలనే నిలిచిరి. లూథరనులు, బాప్టిస్టులు నేటికిని వేరుగనే యున్నారు. ఆ వేరు యెచ్చట నొప్పించునో గుడి వసారాలో కూర్చున్న యొక వృద్ధురాలు మాకు తెలిపెను.

“మా పుట్టిల్లు తెనాలి దగ్గరమ్మా, లూథరనులము. ఇక్కడికి కోడలుగా వచ్చి సి.ఎస్.ఐ. నయ్యాను. నన్నెవరూ ఏమీ అనలేదు. నా కూతురిని మాత్రం పెండ్లికి ముందు నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకోమన్నారు. పసిగుడ్డుగా దాన్ని ఈ గుడికి ఎత్తుకొచ్చి బాప్తిస్మం ఇప్పించింది నేను. అది లెక్కకు రాదంటే, ఆనాడు నేను చేసిన ప్రార్థన కూడా లెక్కకు రాదా?”

“మరి అమ్మాయి యేమి చేసినది?” అని అడిగితిమి.

“మునిగిందమ్మా. ముహూర్తం దగ్గరపడితే ఆడపిల్ల యేం చేస్తుంది?”

బుద్ధి తెలిసి, తన నోట విశ్వాస మొప్పుకొనినవారికే బాప్తిస్మము తగునని బాప్టిస్టుల నమ్మకము. అది నిష్కపటమైనదే, దానిని తేలికగా చూడరాదు. ఒక్కొక్క మిషను పేరుతో ఒక్కొక్క బడి, ఆసుపత్రి, బాలికల వసతిగృహము పెరిగినవి. వానిలో చదివి ఉపాధ్యాయినులు, నర్సులు అయినవారికి ఆ పేరు తల్లి పేరు వంటిది. దానిని విడువుమనుట సులభము కాదు. అయినను సోదరీమణులారా, పేరు మారవలసి వచ్చినప్పుడెల్ల మారునది స్త్రీ పేరే గదా! పురుషులు సభలు చేసి ఇరువదియెనిమిదేండ్లకు సాధించిన యైక్యమును, స్త్రీ పెండ్లినాడు ఒక్క పూటలో సాధింపవలసి యున్నది. అదియు ఆమె పుట్టింటి విశ్వాసమును కొట్టివేయు పద్ధతిని జరిగినచో దానిని ఐక్యమనుట యెట్లు?

ఆ వృద్ధురాలి సంచిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తక ముండెను. తెరచి చూచితిమి. మన సంగీత పుస్తకములలో వలెనే కీర్తనలపై రాగ తాళములు వ్రాసియున్నవి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలందు పెక్కు గలవు. గుంటూరు లూథరనులు, ఒంగోలు బాప్టిస్టులు, దోర్నకల్లువారు, అందరును పాడునవి అవియే. హద్దులు గీచినవారెవ్వరును పాటకు హద్దు గీయలేకపోయిరి.

కావున క్రైస్తవ గృహిణులకు మా విన్నపమొక్కటి. ఇంటికి క్రొత్తకోడలు వచ్చినప్పుడు “ఏ మిషను పిల్లవే?” అని మొదట అడుగవలదు. “నీకే కీర్తన వచ్చునమ్మా?” అని యడుగుడు. ఆమె పల్లవి యెత్తుకొనగానే మీకును చరణము జ్ఞప్తికి రాకపోదు.