తెలిసిన వీధి – తెలియని నగరం

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం మా మేనకోడలు రెండు లావుపాటి పుస్తకాలను తెచ్చి నా ముందున్న బల్లమీద పెట్టింది. ఆమె ఆర్కిటెక్చర్ చదువుతున్నది. తోటి విద్యార్థులతో కలిసి పన్నెండు రోజులపాటు ఇటలీ దేశంలోని రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ నగరాలను చూసి రావడానికి సిద్ధమవుతున్నది. ఆ రెండూ ఇటలీ యాత్రికుల కోసం రాసిన గైడు పుస్తకాలు. పై తరగతి వారి దగ్గర ఎరువు తెచ్చింది.

“మామయ్యా! వీటిలో ఒక్కటే కొనుక్కోగలను, ఒక్కటే మోసుకుపోగలను. ఏది మంచిదో మీరు చెప్పండి” అన్నది.

“చేతిలో సెల్‌ఫోన్ ఉండగా పుస్తకమెందుకు బిడ్డా?” అని అడిగాను.

“ఫోన్ నేను అడిగినదానికి జవాబు చెబుతుంది. అక్కడికి పోయాక ఏమి అడగాలో కూడా నాకు తెలియదు కదా!” అన్నది.

ఆ మాట నాకు నచ్చింది. కాని తీర్పు చెప్పడమెట్లా? నలభై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను గాని నేను సముద్రం దాటినవాణ్ణి కాను. శాలిబండలోని మా పాత ఇంటి డాబా ఎక్కితే చార్మినార్ శిఖరాలు కనిపిస్తాయి. నేనెరిగిన లోకం చాలావరకు ఆ చుట్టుపక్కలదే. చూడని దేశాన్ని గురించి రాసిన పుస్తకాల మంచిచెడ్డలను నేనెట్లా తేల్చగలను? రెండింటి అట్టలూ అందంగానే ఉన్నాయి. రెండింటిలోనూ రంగుల బొమ్మలున్నాయి, పటాలున్నాయి.

ఆ రాత్రి నిద్రపట్టక నా అలమారలోని ‘కాశీయాత్ర చరిత్ర’ను తీశాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆ ప్రయాణ విశేషాలు 1838లో అచ్చయ్యాయి. ఏ మజిలీలో దిగడానికి చోటు దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఏ దారి గుర్రాలకూ బండ్లకూ అనువైనది అన్న సంగతులను ఆయన ఓపికగా రాసిపెట్టాడు. ఆయన మా హైదరాబాదు మీదుగానే పోయాడు. అందుచేత నేను ఆ పుస్తకంలో ముందుగా చదివినది కాశీ వర్ణన కాదు, మా ఊరి వర్ణన. తెలిసిన చోట ఆయన చూపు ఎంత నిశితమో గమనించిన తరువాతనే తెలియని చోట ఆయనను నమ్మాను. ఈ సంగతి జ్ఞాపకం రాగానే నాకు దారి దొరికినట్లయింది.

ఆదివారంనాడు ఇద్దరం ఆబిడ్స్‌కు వెళ్లాం. అక్కడ దుకాణాలు మూసి ఉండే ఆ రోజున కాలిబాటల మీద పాత పుస్తకాలను పరిచి అమ్ముతారు. రెండు గంటలు వెతికిన మీదట ఆ రెండు ప్రచురణ సంస్థలే భారతదేశాన్ని గురించి వేసిన పుస్తకాలు, పాత ముద్రణలు, దొరికాయి. “వీటిలో హైదరాబాదు పుటలను చదువుదాం. మనల్ని గురించి నిజం చెప్పిన పుస్తకం ఇటలీని గురించి కూడా చెబుతుందని నమ్మవచ్చు” అన్నాను. పాత ముద్రణలు కనుక ధరల విషయంలో వాటిని తప్పుపట్టరాదని కూడా అనుకున్నాం. మేమిద్దరం పరదేశులమైనట్లు, పుస్తకం చెప్పిన చోటికే పోవాలని నియమం పెట్టుకున్నాం.

మొదటి పుస్తకంతో బయలుదేరిన రోజు శుక్రవారం. ఆ పుస్తకం చెప్పిన ప్రకారం మధ్యాహ్నానికి మక్కా మసీదు చేరాం. జుమా నమాజు వేళ కావడంతో ఆవరణ అంతా భక్తులతో నిండి ఉంది. అది ఆరాధన సమయం, చూడవచ్చినవారు తప్పుకొని నిలవవలసిన సమయం. పుస్తకంలో ఆ హెచ్చరిక లేదు. అక్కడినుండి పత్తర్‌గట్టి మీదుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి నడిచాం. ద్వారం మూసి ఉంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ మాటా పుస్తకంలో లేదు. నాకు ముందే తెలిసినా నియమం ప్రకారం నోరు మెదపలేదు. మా మేనకోడలు నుదుటి చెమట తుడుచుకొని, “రోమ్‌లో ఇట్లా జరిగితే నాకు ఇంకొక శనివారం ఉండదు మామయ్యా!” అన్నది.

మరునాడు రెండవ పుస్తకంతో నడిచాం. అందులో సెలవు రోజులున్నాయి. మసీదుకు ఏ వేళలో పోకూడదో ఉంది. మక్కా మసీదు నిర్మాణం 1617లో ముహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసిందని ఉంది. ఒక కట్టడం రెండు రాజ్యాల చేతులు మారిందని ఆ రెండు తేదీలే చెబుతున్నాయి. మొదటి పుస్తకంలో ఒక్క తేదీయే ఉంది.

చార్మినార్ దగ్గర నిలబడి రెండు పుస్తకాలనూ పక్కపక్కన చదివాం. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దానిని కట్టించాడన్నది రెండింటిలోనూ ఉంది. ప్లేగు వ్యాధి తొలగినందుకు గుర్తుగా కట్టించాడని మొదటి పుస్తకం ఖండితంగా చెప్పింది. రెండవది అది ప్రజలు చెప్పుకొనే మాట అని చెప్పి, ఇస్లామీయ శకంలో వెయ్యవ సంవత్సరాన్ని పురస్కరించుకొని కట్టిందన్న అభిప్రాయాన్ని కూడా పక్కన ఉంచింది. తెలిసినదానిని తెలిసినట్లు, విన్నదానిని విన్నట్లు రాయడం చిన్న గుణం కాదు. వెనిస్ నగరవాసి మార్కోపోలో మన మోటుపల్లిని గురించి రాస్తూ, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు. ఆ పుటలలోనే, లోయలో వేసిన మాంసపు ముక్కలకు అంటుకొన్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్న కథ కూడా చెప్పాడు. చదువరికి రెండింటినీ వేరుచేసుకొనే నేర్పు ఉండాలి. ఆ నేర్పును కలిగించే పుస్తకమే మంచి పుస్తకం.

మ్యూజియంలో మా మేనకోడలు మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు చాలాసేపు నిలిచిపోయింది. ముసుగూ, దాని వెనుక లీలగా కనిపించే ముఖమూ ఒకే పాలరాతిలో చెక్కినవే. దానిని మలచినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నగరంలో దానిని కొన్నాడు. “నేను చూడబోయే దేశం నాకంటే ముందే మన ఊరికి వచ్చి కూర్చున్నది” అని ఆమె నవ్వింది.

సాయంత్రం నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి ఆమెను తీసుకుపోయాను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు పదిహేను వేలమంది చనిపోయారని అంచనా. ఆనాడు ఈ చెట్టెక్కి దాదాపు నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరదను అదుపుచేసే ఏర్పాట్లు మొదలై, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఏర్పడ్డాయి.

“చూశావా? రెండు పుస్తకాల్లోనూ ఈ చెట్టు పేరు లేదు. ఎంత అన్యాయం! ఆ రాత్రి ఈ కొమ్మల్లో ఉన్నవారిలో మా తాతగారు ఒకరు. అప్పటికాయనకు పద్దెనిమిదేళ్లు” అన్నాను.

ఆమె చెట్టువైపు చూసి, తరువాత నావైపు చూసింది. “ఈ సంగతి నాకూ తెలియదు మామయ్యా. మీరెప్పుడూ చెప్పలేదు” అన్నది మెల్లగా.

నాకు మాట రాలేదు. తాతగారు ఆ కథను నాకు ఎన్నోసార్లు చెప్పారు. నా తోబుట్టువు బిడ్డకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎక్కడో కూర్చుని రాసేవారు మా ఇంటి కథను రాయలేదని తప్పుపట్టిన నేను, ఇంట్లో ఉండి చేసినదేమిటి? చెప్పవలసినవారు చెప్పకపోతే రాసేవారికి తెలిసేదెట్లా?

ఇంటికి తిరిగివచ్చాక ఆమె రెండు ఇటలీ పుస్తకాలలోనూ ఫ్లోరెన్స్ పుటలను తెరిచింది. ఈసారి ఏమి వెతకాలో ఆమెకు తెలుసు. ఆ నగరం ఆర్నో నది ఒడ్డున ఉంది. 1966 నవంబరు 4న ఆ నది పొంగింది. శాంతా క్రోచె చర్చి ప్రాంతంలో నీరు ఆరు మీటర్లు దాటింది. చిమబూయె చిత్రించిన ప్రాచీనమైన శిలువ రంగులు ఊడిపోయి దెబ్బతిన్నది. జాతీయ గ్రంథాలయంలోని లక్షలాది పుస్తకాలు బురదలో తడిశాయి. దేశదేశాల యువతీయువకులు వచ్చి వాటిని చేతులతో ఎత్తి శుభ్రం చేశారు. ఫ్లోరెన్స్ ప్రజలు వారిని బురదలోని దేవదూతలని పిలుచుకున్నారు. మొదటి పుస్తకంలో ఈ వరద ఊసే లేదు. రెండవదానిలో ఒక పూర్తి పేరా ఉంది. గోడల మీద వరదనీరు ఎంతవరకు వచ్చిందో తెలిపే ఫలకాలను చూడమని కూడా రాసి ఉంది. ఆమె ఆ పుస్తకాన్నే కొన్నది.

ప్రయాణమైన తొమ్మిదవ రోజున ఆమె నుండి నాకొక ఫోటో వచ్చింది. ఒక పాత గోడ మీద, ఆమె తలకు చాలా ఎత్తున, చిన్న ఫలకం ఉంది. కింద రెండే మాటలు రాసింది: “ముత్తాతగారు గుర్తొచ్చారు.”

ఆబిడ్స్‌లో కొన్న పుస్తకాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. ఒకనాడు రెండవదానిని తెరిచి చూస్తే, హైదరాబాదు పుట అంచున పెన్సిలుతో ఆమె అక్షరాలు కనిపించాయి: చింతచెట్టు, అఫ్జల్‌గంజ్, 1908. దాని కింద కొంత ఖాళీ వదిలింది. మిగిలినది నన్ను రాయమని ఆమె ఉద్దేశం కావచ్చు. ఒక కొత్త నోటుపుస్తకం కొన్నాను. మా తాతగారు చెప్పిన కథతో మొదలుపెట్టాను.