మసక వెలుతురులో అంబాసిడర్

చీకట్లో కారుని ఫొటో తీయడం గురించి నాకు తెలిసినదంతా ఒక్క రాత్రిలో నేర్చుకున్నదే. అది 2005 జనవరి, ఊరు అనకాపల్లి. బెల్లం సీజను కావడంతో మార్కెట్టు వైపునించి వచ్చే గాలికి కూడా తీపి అంటుకుని ఉండేది. మరునాటి ఉదయం నర్సీపట్నం నుంచి ఒకాయన వచ్చి మా నాన్నగారి అంబాసిడర్‌ని తోలుకుపోతాడు. బేరం కుదిరింది, బయానా కూడా పుచ్చుకున్నాం. వెళ్ళిపోయేలోగా ఒక్క ఫొటో తీసి ఉంచుకోవాలని నా కోరిక. పగలే తీద్దామంటే, ఆ చివరి రోజున కూడా నాన్నగారు ఎవరో రోగిని విశాఖపట్నం కె.జి.హెచ్.కి తీసుకువెళ్ళి, దీపాలు పెట్టే వేళకి గాని తిరిగి రాలేదు.

ఇరవై ఏళ్ళు ఆ బండే మా ఇంటిని నడిపింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి అది. దాంట్లో పెళ్ళికొడుకులు ఊరేగారు, పురిటి నొప్పులతో ఆడవాళ్ళు వెళ్ళారు, కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర చూడడానికి వచ్చే చుట్టాలు ఎనిమిదేసిమంది చొప్పున ఇరుక్కుని కూర్చున్నారు. మా చదువులన్నీ దాని మీటరు తిరిగిన మేరకే సాగాయి.

దాన్ని అమ్మించినవాణ్ణి నేనే. రాత్రివేళ ఎదురుగా లారీ వస్తే నాన్నగారు బండిని దాదాపు ఆపేసి, అది దాటిపోయేదాకా రోడ్డు అంచునే చూస్తూ కూర్చోవడం రెండుసార్లు గమనించాను. అడిగితే, "ఏటీ లేదురా, ఆడు లైట్లు దించలేదు" అన్నారు. ఆయనకి అప్పటికి 62 ఏళ్ళు. "ఇక చాలు నాన్నా" అని నెలరోజులు పోరాను. చివరికి నెగ్గాను. నెగ్గానన్న మాట ఇప్పుడు రాస్తూంటే సిగ్గుగానే ఉంది.

ఫొటో సంగతికొస్తాను. మొదటి రెండూ ఫ్లాష్ వేసి తీశాను. తరవాత కడిగించి చూస్తే, ముందున్న క్రోమియం బంపరు మెరుపులా పేలింది, తక్కిన వీధంతా కాటుక. కారు రంగు అద్దం వంటిది. దానికి ఎదురుగా నిలబడి వెలుగు విసిరితే ఆ వెలుగునే తిప్పికొడుతుంది తప్ప తన రూపం చూపించదు. పోనీ అని వీధి దీపం కిందికి తెచ్చి పెడితే పైకప్పు ఒక్కటే వెలిగి, చక్రాలు నల్లటి నీడలో మునిగిపోయాయి. అప్పుడు బండిని పది అడుగులు వెనక్కి నెట్టాం. దీపం కాస్త ముందుకీ, పక్కకీ వచ్చింది. బానెట్ ఒంపు మీద వెలుగు సన్నటి గీతలా జారింది. మా అంబాసిడర్ అంత అందగత్తె అని అంతదాకా నాకు తెలియదు.

కెమెరా సాదాది, ఫిల్ము 100 స్పీడుది, స్టాండు ఎరువు తెచ్చినది. వీధంతా స్పష్టంగా పడాలని కటకం రంధ్రాన్ని 16కి తగ్గించాను. మీటరు 15 సెకన్లు అంది. ఎక్కువసేపు తెరచి ఉంచితే ఫిల్ముకి గ్రహించే శక్తి మందగిస్తుంది గనక 30 లెక్కపెట్టాలనుకున్నాను. నాన్నగారిని బండి పక్కన నిలబడి కదలకుండా ఉండమన్నాను.

"చీకట్లో ఏటి కనిపిస్తాదిరా నీకు?" అన్నారు. అయినా నిలబడ్డారు. పది లెక్కపెట్టేలోగా ఆయనకి బానెట్ మీద ఎక్కడో దుమ్ము కనిపించింది. భుజం మీది తువ్వాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

1838లో డగేర్ పారిస్ వీధినొకదాన్ని ఫొటో తీస్తే, వచ్చేపోయే జనమూ బళ్ళూ అన్నీ మాయమై, బూట్లు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక్క మనిషే మిగిలాడట. మా వీధిలో తుడుస్తున్నవాడు మాయమయ్యాడు. ఫొటోలో నాన్నగారు లేరు. పొగలాంటి మరక ఒకటి ఉంది. ఊతంగా బానెట్ మీద ఆనించిన ఎడమచెయ్యి మాత్రం, మణికట్టు దాకా, స్పష్టంగా పడింది. సోడియం దీపాల పుణ్యమా అని తెల్లటి కారు బెల్లం రంగులోకి మారిపోయింది.

కారు వెళ్ళిపోయిన వారానికి ఆ ప్రింటు ఆయన చేతిలో పెట్టాను. "నేనేడ్రా ఇందులో?" అని నవ్వారు. తరవాత వీధి దీపాల మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకున్నారు. రంధ్రం బాగా చిన్నదైతే దీపాల చుట్టూ కిరణాలు పొడుచుకువస్తాయి. దాని రెక్కలు ఆరైతే ఆరు కిరణాలు, ఏడైతే పద్నాలుగు. ఇదంతా వివరించబోతున్నాను. అంతలో ఆయనే అన్నారు:

"నాకూ లైట్లు ఇలాగే కనిపిస్తన్నాయిరా. ఏడాదిబట్టీ."

రెండు కళ్ళకీ శుక్లాలు. ఆ వేసవిలోపే ఒకదాని తరవాత ఒకటి ఆపరేషన్లు అయ్యాయి. పూట పట్టని పని. ఆ తరవాత ఒక రాత్రి నా స్కూటరు వెనక కూర్చుని, ఎదురుగా లారీ వస్తే, "ఇప్పుడు రెండు లైట్లూ రెండుగానే ఉన్నాయిరా" అన్నారు. బండి అప్పటికే నర్సీపట్నంలో తిరుగుతోంది. అమ్మమని పోరిన నెలరోజుల్లో ఒక్క పూట కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలని నాకు తోచలేదు. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. నేనూ ఎత్తలేదు.

2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఉత్త పేరుని ప్యూజో వాళ్ళు 80 కోట్లకి కొన్నారు. ఆ వార్త పేపర్లో చదివి నాన్నగారు, "పేరుకే అంతైతే, మనం బండంతా ఇచ్చీసేం కదరా" అన్నారు. అంతే.

ఈనాటి ఫోన్లు ఇటువంటి చీకటిని నాలుగైదు సెకన్లలో, అనేక చిత్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పట్టపగలులా చూపిస్తాయి. సోడియం పసుపు స్థానే తెల్లటి ఎల్.ఇ.డి.లు వచ్చాయి. మసక వెలుతురులో తీయడమెలాగని ఎవరైనా అడిగితే స్టాండు, రంధ్రం, సెకన్లు అన్నీ చెబుతాను. ఎదుటివాడికి ఎలా కనిపిస్తోందో ముందు ఒక్కసారి అడగమని కూడా చెబుతాను.