కరెంటు గురక

శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు మా ఆంప్లిఫయర్ గురక పెట్టేది. స్పీకర్లలోంచి కాదు, ఆ పెట్టె పొట్టలోంచే. సన్నగా మొదలై, గుర్రుమని నాలుగైదు నిమిషాలుండి, ఎవరో భుజం తట్టి లేపినట్టు ఠక్కున ఆగిపోయేది. మిగతా రోజుల్లో కిక్కురుమనేది కాదు. కొలంబస్ శివార్లలో 1978లో కట్టిన ఇల్లు మాది. వైరింగు పాతదేమోనని నాలుగు వారాలు గోడలను అనుమానించాను. ఐదో శనివారం పాట ఆపేసి మెట్ల దగ్గర నిలబడి విన్నాను. పైన బాత్‌రూంలో మా అమ్మాయి తల ఆరబెట్టుకుంటోంది. అక్కడ హెయిర్ డ్రయర్ ఆగింది. ఇక్కడ గురక ఆగింది.

"నా జుట్టుకీ నీ పాటలకీ ఏంటి నాన్నా సంబంధం?" అంది. న్యాయమైన ప్రశ్నే. కాకినాడ జేఎన్‌టీయూలో ట్రిపుల్‌ఈ చదివి, ఇరవై ఆరేళ్ళుగా జావా రాసుకుని బతుకుతున్నవాణ్ణి మాత్రం అడగకూడని ప్రశ్న. పాత పుస్తకాల దుమ్ము దులపాల్సి వచ్చింది.

చాలా డ్రయర్లలో 'లో' మీద పెడితే లోపల ఒక డయోడు అడ్డం పడుతుంది. ఇక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంటే, అది ఒకవైపు ఊపునే వాడుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. వేడి సగమవుతుంది, చవకలో పనైపోతుంది. మజ్జిగ చిలికేటప్పుడు తాడు రెండు చేతులా సమంగా లాగాలి కదా, ఒకవైపు లాగుడు ఎక్కువైతే కవ్వం వెళ్ళి కుండకు కొట్టుకుంటుంది. ఇంటి కరెంటుకూ అదే గతి. 120 వోల్టుల ఏసీ మీద ఓ అర వోల్టు డీసీ ఎక్కి కూర్చుంటుంది. టీవీకి అది లెక్కలోకి రాదు. నా ఆంప్లిఫయర్లో ఉన్నది టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్, గారెలా గుండ్రంగా, మధ్యలో చిల్లుతో. ఆ ఇనుములో ఎక్కడా సందు ఉండదు. ఆ కాస్త డీసీకే ఒకవైపు నిండిపోయి గిజగిజలాడుతుంది. పాత కాలపు పలకల ట్రాన్స్‌ఫార్మరైతే రేకుల మధ్య సందులుంటాయి కాబట్టి దులిపేసుకునేది.

అమెరికా కరెంటుకూ జబ్బు చేస్తుందని నాకు నెల రోజులు తోచలేదంటే, తప్పు మా తెనాలిది. అక్కడ కరెంటు జబ్బు కంటికి కనపడేది. సాయంత్రం ఆరున్నరకు ట్యూబ్‌లైటు వెలగనా వద్దా అని కొట్టుకునేది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదించేది. మా ఫ్రిజ్ హాల్లోనే ఉండేది. కొన్నది పదిమందికీ కనపడొద్దూ! దాని నెత్తిన స్టెబిలైజరు, దానికో ముల్లు. ముల్లు 170కి జారగానే లోపల 'టక్' మనేది. వంటింట్లోంచి అమ్మ తల తిప్పకుండానే "పడిపోయింది" అనేది. పడిపోయింది వోల్టేజి అని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వీధిలో ప్రతివాడూ కరెంటు వైద్యుడే. ఇక్కడ ఇన్నేళ్ళలో బల్బు కళ్ళార్పింది నేను చూడలేదు. దాంతో అనుమానించే అలవాటు పోయింది.

ముందు ఓ ఆడియో దుకాణానికి వెళ్ళాను. పవర్ కండిషనర్ అని ఒక నల్ల పెట్టె చూపించాడు. ధర మేమిక్కడ కొన్న మొదటి కారు కంటే ఎక్కువ. ఇది పెడితే గాయకుడి చుట్టూ ఉన్న గాలి వినిపిస్తుందన్నాడు. నాకు గాలి వద్దు బాబూ, గురక పోతే చాలు, ఇది డీసీని ఆపుతుందా అన్నాను. బ్రోషరు తిరగేసి, మళ్ళీ తిరగేసి, అడిగి చెబుతానన్నాడు.

ఇంటికొచ్చి బేస్‌మెంట్లో బల్ల ఖాళీ చేశాను. సామాన్లు మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్ నుంచి తెప్పించాను. ఊరి పేరును తెలుగు చేస్తే దొంగేటి జలపాతం. ఇంజనీర్లందరికీ విడిభాగాలు అమ్మే డిజి-కీ ఉండేది ఆ ఊళ్ళోనే. డీసీని ఆపడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు నాలుగు కరెంటు దారిలో వరసలో నిలబెడితే, అవి ఏసీని పోనిచ్చి డీసీని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. వాటికి కాపలాగా 35 ఆంపియర్ల బ్రిడ్జి రెక్టిఫయర్ ఒకటి, ప్లస్సు మైనస్సు కాళ్ళు రెండూ కలిపేసి. కెపాసిటర్ల మీద ఒకటిన్నర వోల్టు పడబోయేసరికి డయోడ్లు దారి ఇస్తాయి, కెపాసిటర్లు పేలిపోకుండా బతుకుతాయి. వీటి ముందు ఒక ఫ్యూజు, పిడుగుల కాలానికి ఒక ఎమ్‌ఓవీ, సన్న రొదకు ఒక చోకు, ఒక ఎక్స్2 కెపాసిటరు. అంతా ఇనప పెట్టెలో, పెట్టెకు ఎర్తు.

చెయ్యి పాత అలవాట్లు మరవదని అప్పుడు తెలిసింది. మనకు ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు. ఇక్కడ నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. నల్ల తీగ పట్టుకుంటే నా వేళ్ళకు భయం పుట్టదు. అందుకే పెట్టె మూత లోపల పెద్ద అక్షరాలతో 'నలుపు = చావు' అని రాసి పెట్టుకున్నాను. మా ఆవిడ అది చూసి, "ఇంట్లో ఇలాంటి మాటలేంటండీ" అని తెలుపు రంగు వేయించబోయింది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు తెనాలి రేడియో మెకానిక్కులు చేసే పద్ధతే చేశాను: వరసలో ఒక వంద వాట్ల బల్బు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఫ్యూజు బతుకుతుంది. బల్బు దొరకడమే గగనమైంది. 2023 ఆగస్టు నుంచి ఇక్కడ మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం ఆపేశారు. పాత యజమాని వదిలి వెళ్ళిన అట్టపెట్టెలో, క్రిస్మస్ దీపాల కింద ఒకటి దొరికింది. బల్బు వెలగలేదు. అంటే పెట్టె బాగున్నట్టు. ఆ గర్వంలో ప్లగ్గు పీకి, దాని పిన్నుల మీద వేలు పెట్టాను. తేలు కుట్టినట్టయింది. ఎక్స్2 కెపాసిటరు చార్జీ ఖాళీ చెయ్యడానికి దాని మీద ఒక రెసిస్టరు వెయ్యాలి, మర్చిపోయాను. రెండో సంవత్సరం ల్యాబ్‌లో నేర్పిన సంగతి. అరుపు పై అంతస్తు దాకా వెళ్ళింది.

"కొనుక్కుంటే పోయేదిగా?" అంది ఆవిడ. ఆమె అసలు భయం షాకు కాదు, ఇన్సూరెన్సు. ఇంట్లో చేసిన పెట్టెకు యూఎల్ భద్రతా ముద్ర ఉండదు, నిప్పంటుకుంటే వాళ్ళేమంటారు? నా దగ్గర సమాధానం లేదు. అందుకే బయటికి వెళ్ళేటప్పుడు దాన్ని గోడ నుంచి పీకేసి వెళ్తాం.

శనివారం తొమ్మిదిన్నరకు అమ్మాయిని డ్రయర్ పెట్టమన్నాను. ఆంప్లిఫయర్ మీద చెవి ఆనించాను. నిశ్శబ్దం. స్పీకర్లలో ఇంకో చిన్న రొద ఉండేది, అది టీవీ కేబులు ఎర్తుతో వచ్చిన పేచీ, దానికో ఐసోలేటరు తగిలిస్తే పోయింది. దానికోసం ప్లగ్గులో ఎర్తు పిన్ను తప్పించేసే అడాప్టర్లు అమ్ముతారిక్కడ. ఆ పని మాత్రం ఎవరూ చెయ్యకండి, రొద పోతుంది, దాంతోపాటు మనిషీ పోవచ్చు. ఇక పాట బాగుపడిందా? లేదు. కళ్ళు మూసుకోమని అమ్మాయికి పెట్టెతోనూ పెట్టె లేకుండానూ పదిసార్లు వినిపించాను. ఐదుసార్లు కనిపెట్టింది. బొమ్మా బొరుసూ ఎగరేసినా అంతే వచ్చేది.

ఆ రాత్రే నాన్న క్యాసెట్లు బయటికి తీశాను. విజయవాడ ఆకాశవాణిలో పొద్దున్నే వచ్చే భక్తిరంజని ఆయన రికార్డు చేసుకునేవాడు. మర్ఫీ రేడియో ముందు స్టూలు వేసి, దాని మీద టేప్‌రికార్డరు పెట్టి, మమ్మల్ని మాట్లాడొద్దని వేలు చూపించి. టేపు వేశాను. పాటకు ముందే రొద వచ్చింది. పెట్టె పాడైందేమోనని లేవబోయాను.

"ఇది మనింటి రొద కాదండీ, శ్రుతి తక్కువుంది" అంది ఆవిడ. పదేళ్ళు వీణ నేర్చుకున్న చెవి. వెళ్ళి మా ఫ్రిజ్ పక్కన నిలబడి దాని మూలుగు విని వచ్చింది. "టేపులోది షడ్జమం అనుకుంటే, ఫ్రిజ్‌ది సాధారణ గాంధారం."

కాగితం మీద వేసి చూశాను. అక్కడి కరెంటు 50, ఇక్కడిది 60. ఐదుకు ఆరు. సాధారణ గాంధారం లెక్క అచ్చంగా అదే.

టేపులో పడ్డ రొదకు నా పెట్టె ఏం చెయ్యగలదు? కంప్యూటర్లో ఎక్కించి గీకేయొచ్చు, ఆ పని నాకు పావుగంట. క్యాసెట్టు ఆపలేదు. రెండో పాట చరణంలో రొద ఒక్కసారి సన్నబడింది, గొంతు లోపలికి పోయింది. దూరంగా 'టక్' మంది. ఆ వెనకే, పల్చగా, వంటింట్లోంచి అమ్మ.

"పడిపోయింది."