నుయ్యి, పొయ్యి, దీపం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అని మాత్రం అనలేదు. అనవలసిన అవసరం వాళ్ళకు కలగలేదు. వాళ్ళ కాలంలో కాపురం మారడమంటే మూడింటితో సరి: నుయ్యి, పొయ్యి, దీపం. పెరట్లో నుయ్యి వుందా, నీళ్ళు ఉప్పగా వున్నాయా, తియ్యగా వున్నాయా అని చూసుకునేవారు. మూడు రాళ్ళు పెట్టి మట్టి మెత్తితే పొయ్యి అయ్యేది. తొలిరోజు నిప్పు పక్కింటివాళ్ళు పిడక మీద పెట్టి ఇచ్చేవారు. కిరసనాయిలు సీసా, రెండు లాంతర్లు సామానుతోబాటే బండి ఎక్కేవి. దరఖాస్తు లేదు, ధరావతు లేదు, నంబరు లేదు.

ఇప్పుడూ కావలసినవి ఆ మూడే. నుయ్యి నల్లా అయింది, పొయ్యి గ్యాసు అయింది, దీపం కరెంటు అయింది. తేడా అల్లా మూడింటికీ మూడు ఆఫీసులు, మూడు నంబర్లు, మూడు పేర్లు. ఆ పేర్ల సంగతే నేను చెప్పబోయేది.

మావారు పోయిన రెండేళ్ళకు తెనాలిలో ఇల్లు అమ్మి, హైదరాబాదు మల్కాజిగిరిలో ఒక పాత డాబా ఇల్లు కొన్నాను. మా అమ్మాయి వుండేది అక్కడికి రెండు వీధుల అవతల. "నా దగ్గరే వుండరాదా అమ్మా?" అని దాని గొడవ. "నీకు దగ్గరలో వుంటాను గాని, నీ దగ్గర వుండను" అన్నాను. అరవై మూడేళ్ళ మనిషి ఒంటరిగా ఇల్లు నడుపుతానంటే నవ్వినవాళ్ళున్నారు, జాలిపడ్డవాళ్ళున్నారు. నవ్వినవాళ్ళతో ఇబ్బంది లేదు. జాలిపడ్డవాళ్ళతోనే చిక్కు. మా తమ్ముడు, "అక్కయ్యా, ఆఫీసుల చుట్టూ నువ్వెక్కడ తిరుగుతావు? కరెంటు, గ్యాసు, నీళ్ళు అన్నీ నా పేరున పెట్టేస్తాను, నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు. వాడి మనసు మంచిదే. కాని నాకు ఒప్పలేదు.

ఎందుకంటారా? నలభై ఏళ్ళ కాపురంలో మా గుమ్మంలోకి వచ్చిన ఏ బిల్లు మీదా నా పేరు లేదు. పాలవాడి కార్డు మీద కూడా మావారి పేరే. ఆయనున్నంతకాలం దాన్ని గురించి నేను ఆలోచించనే లేదు. ఆయన పోయాక మాత్రం నెలనెలా ఆయన పేరుతో కరెంటు బిల్లు వచ్చి గుమ్మంలో పడుతూంటే చేతిలోకి తీసుకోవడం కష్టంగా వుండేది. ఆ కాగితం దృష్టిలో ఆయన వున్నారు. లేనిదల్లా నేనే.

పొయ్యి సంగతి తెనాలిలోనే తేల్చుకోవలసి వచ్చింది. వేరే ఊరికి వెళ్ళేటప్పుడు సిలిండరు మనతో మోసుకుపోకూడదు. సిలిండరు, రెగ్యులేటరు డీలరుకు అప్పగిస్తే, ఎప్పుడో కట్టిన ధరావతు తిరిగి ఇచ్చి, కనెక్షను ముగిసినట్టు ఒక వోచరు ఇస్తారు. కొత్త ఊళ్ళో అది చూపించి, అప్పటి లెక్క ప్రకారం ధరావతు కట్టి కొత్త సిలిండరు తెచ్చుకోవాలి. పొయ్యి మనదే గనక మన వెంట వస్తుంది.

పుస్తకం మావారి పేరున వుంది. కౌంటరు దగ్గర కుర్రవాడు తల ఎత్తకుండానే, "సారు వచ్చి సంతకం పెట్టాలండీ" అన్నాడు.

"ఆయన రాలేరు నాయనా" అన్నాను.

"అయితే రేపు రమ్మనండి."

నేనేమీ మాట్లాడకపోయేసరికి తల ఎత్తి చూశాడు. పాపం, లేచి తన కుర్చీ తెచ్చి నాకు వేశాడు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం ఇస్తే కనెక్షను ముందు నా పేరుకు మారుతుందనీ, ఆ తరువాతే ఊరు మార్చుకోవచ్చుననీ ఓపికగా చెప్పాడు. మూడుసార్లు తిరిగాను. పుస్తకం మీద నా పేరు పడింది.

2016 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకం మొదలుపెట్టినప్పుడు, పేద కుటుంబాలకిచ్చే గ్యాసు కనెక్షను ఆ ఇంటి ఆడవారి పేరునే ఇవ్వాలని నియమం పెట్టారు. న్యాయమైన మాట. ఇక మనబోటి ఇళ్ళ సంగతి చూడండి. పుస్తకం మీద పేరొకరిది, పొయ్యి దగ్గర చెమట ఒకరిది.

కొత్త సిలిండరు వచ్చినప్పుడు సీలు చూసుకోవడం అందరికీ తెలుసు. ఇంకొకటి కూడా చూడాలి. సిలిండరు పైభాగాన పట్టీల మీద ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన రెండంకెలు వుంటాయి. ఏ అంటే మార్చి దాకా, బి అంటే జూను దాకా, సి అంటే సెప్టెంబరు దాకా, డి అంటే డిసెంబరు దాకా. అంకెలు సంవత్సరం. ఆ గడువులోగా సిలిండరును మళ్ళీ పరీక్ష చేయాలన్నమాట. గడువు దాటినది వస్తే మొహమాటపడకుండా తిప్పి పంపండి. రబ్బరు గొట్టానికీ ఆయుర్దాయం వుంది. అయిదేళ్ళు దాటితే కొత్తది వేయించాలి.

అలా పొయ్యి వచ్చింది, పాలు పొంగాయి. ఇక నుయ్యి.

హైదరాబాదు నీటి కథ పెద్దది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, 1927లో హిమాయత్‌సాగర్. ఊరు పెరిగింది, ఆ నీళ్ళు చాలలేదు. మంజీర వచ్చింది. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ నీళ్ళు వచ్చాయి, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. తెనాలిలో కాలువై ఊరి నడుమ పారిన కృష్ణ, ఇక్కడికి గొట్టాలెక్కి వస్తుంది. పుట్టింటి మనిషిని పట్నంలో చూసినట్టనిపించింది నాకు.

నల్లా కనెక్షనుకు జలమండలివారు కేన్ నంబరని ఒకటి ఇస్తారు. ఇల్లు కొన్నప్పుడు ఆ నంబరు తెలుసుకుని, బాకీ ఏమైనా వుందేమో చూసి, పేరు మార్పించుకోవాలి. 2021 జనవరిలో ఇళ్ళకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం మొదలైనప్పుడు, నీటి మీటరు వుండాలని, కేన్ నంబరుకు ఆధార్ జత చేయాలని షరతు పెట్టారు. పేరు సరిగా లేనిచోట ఉచితం కూడా ఉచితంగా రాదు. మాకు నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. వచ్చిన నీళ్ళు సంపులో పడతాయి, తాగడానికి పట్టుకుంటాం. తక్కిన వాడకానికి, "బోరు నీళ్ళకు మీకేం లోటుండదమ్మా" అని ఇల్లు అమ్మినాయన హామీ ఇచ్చాడు. బోరు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

ఆఖరిది దీపం. కరెంటు బిల్లు తీసి చూద్దునుగదా, అమ్మినాయన పేరు కూడా కాదు, ఆయన తండ్రి పేరు వుంది. ఆ పెద్దమనిషి పోయి పద్దెనిమిదేళ్ళట. తెనాలిలో ఒక పోయినాయన పేరు మీద బిల్లు వదిలి వస్తే, ఇక్కడ ఇంకొక పోయినాయన ఎదురొచ్చాడు!

పేరు మార్చడానికి రిజిస్ట్రీ అయిన దస్తావేజు నకలు, ఆధార్, బాకీ లేదని చూపే బిల్లు పెట్టి దరఖాస్తు చేయాలి. ఇల్లు కొనేవారు ఆ బాకీ సంగతి రిజిస్ట్రేషనుకు ముందే చూసుకోవాలి. పాత యజమాని బకాయిని కొత్త యజమాని దగ్గర వసూలు చేసే నిబంధనలు చెల్లుతాయని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా ఇంటికి బాకీ లేదు. దరఖాస్తు పెట్టాను.

దరఖాస్తు పెట్టి, ఒక ఎలక్ట్రీషియను కుర్రవాణ్ణి పిలిపించి వైరింగు అంతా చూడమన్నాను. బుద్ధిమంతుడు. కరెంటు కాస్త పక్కదారి పట్టినా, 30 మిల్లీఆంపియర్ల దగ్గరే సరఫరా ఆపేసే మీట ఒకటి పెట్టాడు. పెరట్లో ఎర్తు గొయ్యి వెతికి పట్టుకుని, "ఇందులో ఉప్పు, బొగ్గు వేస్తారమ్మా. ఎండాకాలం అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పొయ్యండి" అని చెప్పాడు. తులసికోటకు పోసినట్టే దానికీ పోస్తున్నాను.

ఆ తరువాత మెయిను ఆపేసి మీటరు వైపు చూశాడు. ఇంట్లో దీపం లేదు, ఫ్యాను లేదు. మీటరు మీద ఎర్ర చుక్క మాత్రం మిణుకు మిణుకుమంటూనే వుంది. మా మీటరు మీద 3200 అని రాసి వుంది. ఆ చుక్క 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ ఖర్చయినట్టు. కుర్రవాడు గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. నిమిషానికి యాభైమూడు. అంటే గంటకు దాదాపు ఒక యూనిట్. "ఒక హార్సుపవరు మోటారు ఎక్కడో తిరుగుతోందమ్మా" అన్నాడు. వెతికితే, మీటరుకూ మెయినుకూ నడుమ నుంచి ఒక నల్ల తీగ బయలుదేరి, గోడ పట్టుకుని పక్కింట్లోకి పోతోంది.

"దొంగ కరెంటు! కత్తిరించెయ్" అన్నాడు మా తమ్ముడు. కుర్రవాడు కటింగు ప్లేయరు చేతబట్టుకుని నా మొహం చూశాడు. బిల్లు కట్టేదాన్ని నేను గనక నా మాట కోసం ఆగాడు. వొద్దన్నాను. చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళాను.

ఆ ఇంట్లో వున్నది నాకంటే పదేళ్ళు పెద్దావిడ, ఇల్లు అమ్మినాయనకు వదిన. ఆవిడ భర్తా పోయాడు. తీగ మాట ఎత్తగానే మొహం చిన్నబోయింది. "దొంగతనం కాదు చెల్లె. మా మామ ఉన్నప్పటి సంది గట్లనే నడుస్తున్నది. ఇల్లు రెండు పాళ్ళు చేసినప్పుడు మీటరు అటు పడ్డది, బోరు ఇటు పడ్డది. కరెంటు అటు నుంచి, నీళ్ళు ఇటు నుంచి. నీ టాంకి నింపేది గీ మోటారే గద!" అన్నది.

ఆ తీగ కత్తిరించి వుంటే ఆవిడ మోటారూ ఆగేది, నా ట్యాంకూ ఎండేది. పోయిన పెద్దమనిషి ఇద్దరు కొడుకులకూ చెరొక సగం ఇచ్చి, ఒకరు లేకుండా ఒకరికి జరగకుండా ముడి వేశాడు. ఆ ముడి ఏ కాగితం మీదా లేదు. కొడుకులు మాటలు మానుకున్నా తీగా గొట్టమూ మానలేదు.

అయితే అలాగే వుంచడానికీ వీల్లేదు. ఒక ఇంటికిచ్చిన కరెంటు వేరొక ఇంటికి వాడడం 2003 నాటి విద్యుత్ చట్టం ఒప్పుకోదు. మోటారు ఆవిడ మీటరు మీదికి మారక తప్పదని చెప్పాను. ఆవిడ గుబులు ఖర్చు గురించి. "పింఛను మీద బతికేదాన్ని. బిల్లు పెరిగితే ఏడ కెళ్ళి కట్టాలె?" కాగితం, కలం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. రోజుకు గంట చొప్పున నెలకు ముప్ఫై యూనిట్లు. యూనిట్లు పెరిగినకొద్దీ పై మెట్టు ధర పడుతుంది గనక, పెరిగిన మొత్తంలో సగం నెలనెలా నేను చేతికిస్తానన్నాను. నీళ్ళు నేనూ వాడుతున్నాను మరి.

అప్పుడు బయటపడింది ఇంకొక సంగతి. ఆవిడ ఇంటికి నల్లా లేనే లేదు. తాగే నీళ్ళు పూర్వం ఈ ఇంటి నల్లా దగ్గరే పట్టుకునేదిట. అన్నదమ్ములకు చెడ్డాక గేటు ఎక్కడం మానేసి, ఆరేళ్ళుగా డబ్బా నీళ్ళు కొనుక్కుంటోంది. "అక్కయ్యగారూ, నల్లా వచ్చే రోజు బిందెలు పట్టుకుని రండి" అన్నాను. మొదటిరోజు గేటు బయటే నిలబడింది. రెండోసారి లోపలికి వచ్చింది. ఇప్పుడు బిందెలు నిండేలోగా నా వంటింట్లో కాఫీ కూడా అవుతుంది.

పేరు మారిన తొలి బిల్లు వచ్చిన రోజున ఆవిడ ఇక్కడే వుంది. మీటరు కుర్రవాడు చిన్న యంత్రంలోంచి సర్రున కాగితం లాగి, "పేరు మారిందమ్మా" అని చేతికిచ్చాడు. చదువుకున్నాను. మొదట నా పేరు, కింద ఇంటి నంబరు, ఆ కింద కట్టవలసిన సొమ్ము. సొమ్ము చూసి ఆనందించినవాళ్ళెవరూ వుండరు గాని, ఆ కాగితాన్ని మడవకుండా బీరువాలో పెట్టాను.

"నీ పేరేనా చెల్లె?" అని అడిగి, ఆవిడ కాసేపు వూరుకుంది. "నాది ఇంకా మా మామ పేరు మీదనే ఉన్నది" అన్నది.

ఆవిడ భాగానికి పంపకాల దస్తావేజు వుంది. ఆధార్ వుంది. భర్త మరణపత్రం ట్రంకుపెట్టె అడుగున దొరికింది. బాకీ లేదు. పిల్లలిద్దరి సంతకాలూ తెప్పించుకుంది. నకళ్ళన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు చుట్టింది. సోమవారం పొద్దున్న నల్లా నీళ్ళు పట్టుకోగానే ఇద్దరం కలిసి కరెంటు ఆఫీసుకు వెళుతున్నాం.